ఆర్పుటకు ముందిచ్చు గడువు

కంప్యూటరు నెదుట గూర్చుండి పనిచేయువాని రచన ఏ క్షణమునందైనను రెండు తావుల నుండును. అప్పుడే టైపు చేసిన వాక్యము, అప్పుడే సవరించిన అంకె, అప్పుడే గీసిన గీత మెమరీలో నుండును. గంట క్రిందటనో దినము క్రిందటనో సేవ్ చేసిన రూపము డిస్కు మీద నుండును. మెమరీలోని దానికి కరెంటే ప్రాణము; అది తొలగిన మరుక్షణమున నశించును. డిస్కు మీదిది కరెంటు లేకున్నను నిలుచును. ఈ రెండింటి నడుమ నున్న అంతరమును పూడ్చిన పిమ్మటనే యంత్రము నార్పవలెనన్న నియమము నేడు మనకు సహజముగ దోచును గాని, అది ఒక్కనాట పుట్టినది కాదు, ఒక్కరు పెట్టినది కాదు. షట్‌డౌన్ అని నేడు ఒక్క నొక్కుతో జరిపించు కార్యము వెనుక నున్న చరిత్ర యంతయు నిజమునకు గడువు చరిత్రమే: తెరచియున్న ప్రోగ్రాములను యంత్రము అడుగవలెనా, అడిగిన యెడల ఎంతసేపు వేచియుండవలెను, వేచినను అవి బదులీయకున్న నెవని మాట చెల్లవలెను అను ప్రశ్నలకు వేర్వేరు కాలములవారు వేర్వేరుగ జెప్పిన సమాధానముల చరిత్రము.

మొదటి తరము యంత్రములకు ఈ చింత లేదు. 1946లో ఫిలడెల్ఫియా నగరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు లోకమునకు జూపిన ఎనియాక్‌లో 17,000కు పైగా వాక్యూం ట్యూబు లుండెను. ఆ గాజుబుడ్లు వేడెక్కునప్పుడును చల్లారునప్పుడును ఎక్కువగా చెడుచుండుట గమనించి, దాని నాడించువారు అసలు ఆర్పకుండుటయే మేలని నిశ్చయించుకొనిరి. మేరీలాండు రాష్ట్రమున ఆబర్డీన్ సైనికక్షేత్రమునకు తరలింపబడి 1947 జూలై 29న మరల వెలిగిన ఆ యంత్రమును 1955 అక్టోబరు 2వ తేది రాత్రి 11 గంటల 45 నిమిషములకు శాశ్వతముగ నార్పిరి. ఆర్పుటవలన దానియందు నష్టపడునవి ట్యూబులే గాని ఒకని రచన గాదు. ఫలితములు ఎప్పటికప్పుడు కార్డులపై రంధ్రములై వెలికి వచ్చుచుండెను.

చిక్కు మొదలైనది పలువురు మనుష్యులు ఒకే యంత్రమును ఏకకాలమున వాడుకొనుట నేర్చిన నాడు. 1961లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బటో మొదలగువారు ప్రదర్శించిన టైమ్ షేరింగు పద్ధతిచే యంత్రపు కాలము ముక్కలు ముక్కలుగ పంచబడి, వేర్వేరు టెర్మినళ్ల ముందు గూర్చున్న వారికి ఎవరికి వారికే యంత్రము దక్కినదన్న భావము కలిగెను. అంతవరకు ఆర్పుట యంత్రపాలకుని స్వంత విషయము. ఇక మీదట అది ఇతరుల పనిపై బడు వ్రేటు. ఆ పద్ధతికి వారసత్వముగ 1965 నుండి నిర్మింపబడిన మల్టిక్స్‌లో దీనికై విశేషమగు శ్రద్ధ కానవచ్చును. యంత్రము దారితప్పి నడిమధ్య నిలిచిపోయినను, మెమరీలో మిగిలిన పుటలను డిస్కునకు జేర్చుటకే ఒక ప్రత్యేక విధానము అందులో నుండెను. దానికి అత్యవసర షట్‌డౌన్ అని పేరు. కూలిన పిదప గూడ ముందుగ జేయవలసినది మనుష్యుల రచనను ఒడ్డు జేర్చుటయే యన్న ఆ భావమును, ఈ చరిత్రలోని ఉదాత్తమైన వానిలో నొకటిగ నేనెంచుదును. మిగిలిన మల్టిక్స్ యంత్రములలో కడపటిదానిని కెనడా దేశపు రక్షణశాఖవారు హాలిఫాక్స్ నగరమున 2000 అక్టోబరు 30న ఆర్పిరి.

మల్టిక్స్ ప్రయత్నమునుండి బెల్ ప్రయోగశాలలు తొలగిన పిమ్మట, 1969లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలగువారు ఒక చిన్న పి.డి.పి.-7 యంత్రము మీద మొదలిడిన యూనిక్సు, వేగము కొరకు ఒక సాహసమునకు పూనుకొనెను. ప్రోగ్రాము వ్రాయుమన్న దానిని అది వెంటనే డిస్కుపై వ్రాయక, మెమరీలో కొంతసేపు నిలువయుంచి, తరువాత గుంపుగ వ్రాయుచుండెను. అంగడిలో గుమాస్తా పగలంతయు బేరములను చిత్తుకాగితముపై గీసికొని, రాత్రి కొట్టు కట్టుటకు ముందు చిట్టా కెక్కించినట్టిదే యీ పద్ధతి. చిట్టా కెక్కక ముందే దీపమారినచో ఆ పూట లెక్క పోవును. అందుచే 30 సెకన్ల కొకసారి ఆ నిలువను డిస్కునకు పంపుటకు అప్‌డేట్ అను ప్రోగ్రాము నొకదానిని తెరవెనుక నడుపుచుండిరి. చేతితో పంపదలచినవారికి సింక్ అను ఆజ్ఞ నేర్పరచిరి.

ఈ సింక్ చుట్టును ఒక ఆచారము అల్లుకొనెను. యంత్రమును నిలుపబోవు పాలకుడు కన్సోలు ముందు గూర్చుండి సింక్ అని టైపు చేసి ఎంటరు నొక్కును. మరల సింక్, మరల ఎంటరు. మూడవసారి సింక్, ఎంటరు. ఆ పిమ్మటనే ఆపు మీట మీద చేయి వేయును. ఆ ఆజ్ఞ, వ్రాయుడని చెప్పి వెంటనే తిరిగివచ్చునే గాని వ్రాత పూర్తియగువరకు నిలువదు. రెండవ సారికిని మూడవ సారికిని యంత్రము క్రొత్తగ జేయవలసిన పని లేదు. వానిని టైపు చేయుటకు పట్టు కాలమే అసలు ప్రయోజనము, ఆ కాలములో డిస్కు తన పని ముగించుకొనును. కావుననే మూడింటిని ఒకే వరుసలో వ్రాసి ఒకే ఎంటరుతో ముగించుట వ్యర్థమని అనుభవజ్ఞులు క్రొత్తవారికి జెప్పుచుండిరి. ఆజ్ఞ యొక్కటి చాలునను కాలము వచ్చిన పిదప దీనిని కొందరు మూఢాచారమనిరి, నాకట్లు తోచదు. గడువు నిచ్చు ఏర్పాటు యంత్రమునందు లేని కాలమున మనుష్యుని వ్రేళ్లే ఆ గడువును కొలిచినవి. వ్రాత నడుమ తెగిన డిస్కు ఎట్టి ఆపదయో ఆ పాలకులు చూచియుండిరి: ఐచెక్, డీచెక్ అను సాధనములతో దానిని పరీక్షించి లోపములను చేతితో దిద్దుకొనవలసి యుండెను, బెల్ ప్రయోగశాలలలో టెడ్ కొవాల్‌స్కీ రచించిన ఎఫ్.ఎస్.సి.కె. అను ప్రోగ్రాము వచ్చిన తరువాతనే ఆ భారము కొంత తగ్గెను.

డిస్కు క్షేమము ఒక భాగము. నడచుచున్న ప్రోగ్రాముల క్షేమము వేరొక భాగము. యూనిక్సులో ఒక ప్రోగ్రామునకు వెలుపలినుండి వార్త పంపు మార్గమునకు సిగ్నలు అని పేరు, ఒక్కొక్క సిగ్నలునకు ఒక్కొక్క సంఖ్య. అందు 9వ సంఖ్య కిల్ అనునది. దానిని ఏ ప్రోగ్రామును పట్టుకొనజాలదు, తప్పించుకొనజాలదు, చేతిలోనున్న పనిని ముగించుకొనుటకైనను అవకాశముండదు. 1975 నాటి ఆరవ ఎడిషనులో, ప్రోగ్రామును ఆపుటకు వాడు ఆజ్ఞకు సంఖ్య యేదియు జెప్పనిచో పోవునది ఈ 9వ సిగ్నలే. 1979 నాటి ఏడవ ఎడిషను వచ్చునప్పటికి 15వ సంఖ్యతో టర్మ్ అను సిగ్నలు చేరియుండెను; ఏమియు జెప్పనిచో ఆ ఆజ్ఞ ఇక దానినే పంపజొచ్చెను. టర్మ్‌ను ప్రోగ్రాము వినవచ్చును, విని తాత్కాలిక ఫైళ్లను తుడిచి, సగము వ్రాసినదానిని పూర్తిచేసి, తనంత తాను నిష్క్రమింపవచ్చును. చూచుటకు ఇది స్వల్పమగు మార్పు. కాని నా దృష్టిలో ఈ చరిత్రకంతకును కీలక మిదియే: అంతవరకు చంపుట వాడుక, అడుగుట విశేషము, ఆనాటినుండి అడుగుట వాడుకయై చంపుట కడపటి మార్గ మయ్యెను. దీనిని మార్చినవారు దీనికై ప్రత్యేకముగ ఒక సిద్ధాంతమును ప్రకటింపలేదు. ఆజ్ఞ వెనుకనున్న ఒక సంఖ్యను మాత్రము మార్చిరి.

సిగ్నళ్లలో మొదటిదానికి హ్యాంగప్ అని పేరు. ఇంటినుండి టెలిఫోను తీగ ద్వారా టెర్మినలుపై పనిచేయుచున్నవాని లైను తెగినచో, అతడు నడుపుచున్న ప్రోగ్రాములకు యూనిక్సు ఈ సిగ్నలును పంపును. విన్న ప్రోగ్రాము సామాన్యముగ నాగిపోవును. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున బిల్ జాయ్ రచించిన ఎక్స్, వి.ఐ. అను ఎడిటర్లు మాత్రము వట్టిగ నాగిపోవు. దిద్దుచున్న పాఠమును ఒక ప్రత్యేకస్థానమున భద్రపరచి, ఆ సంగతి తెలుపుచు ఆ మనుష్యునికి మెయిలు పంపును. అతడు మరల వచ్చి, ఒక చిన్న గుర్తు చేర్చి ఆ ఎడిటరును పిలిచినచో, తెగిన చోటునుండి పాఠము తిరిగి లభించును. తీగ తెగుట ఎవరును కోరినది కాదు, ముందు తెలిసినది కాదు, వారింపదగినది కాదు. అట్టి వేళ నేమి చేయవలెనో ఆ రచయిత ముందే యోచించి పెట్టెను. తరువాతి కాలపు ప్రోగ్రాములెన్నియో, ఇంతకంటె ఎన్నియో రెట్లు మెమరీ చేతనుండియు, ఈ పాటి శ్రద్ధ చూపలేదని చెప్పుట నాకు కష్టముగనున్నను చెప్పకతప్పదు.

బర్కిలీ యూనిక్సులోనే షట్‌డౌన్ అను ఆజ్ఞ ఒక మర్యాదగ రూపు దాల్చెను. పాలకుడు ఇన్ని నిమిషములలో యంత్రము నిలుచునని చెప్పి, కారణమును వ్రాయును. అప్పుడు యంత్రముపై నున్న ప్రతివాని తెరపైనను ఆ హెచ్చరిక కనబడును. గడువు దగ్గరపడిన కొలదియు హెచ్చరికలు తరచగును. కడపటి 5 నిమిషములలో క్రొత్తవారు లోనికి రాకుండ లాగిన్ మూయబడును. ఆ పిమ్మట యూనిక్సు కుటుంబమంతట స్థిరపడిన క్రమము ఇది: నడచుచున్న వాని నన్నింటిని టర్మ్ సిగ్నలుతో అడుగుట, కొన్ని సెకన్లు ఆగుట, మిగిలినవానికి కిల్ పంపుట, మెమరీలోని నిలువను డిస్కునకు జేర్చుట, డిస్కులను విడదీయుట, ఆర్పుట. లైనక్సు యంత్రము పూర్తిగ బిగిసిపోయి మౌసును ఆజ్ఞలను విననప్పుడు సయితము ఈ క్రమమును చేతితో నడిపించుటకు కీబోర్డులో ఒక మార్గమున్నది. ఆల్ట్ కీని, సిస్‌రిక్వెస్ట్ కీని పట్టి ఆర్, ఈ, ఐ, ఎస్, యు, బి అను అక్షరములను కొంచెము కొంచెము వ్యవధితో వరుసగ నొక్కవలెను: ఆర్ కీబోర్డును వశము జేసికొనును, ఈ ప్రోగ్రాముల నడుగును, ఐ మిగిలినవానిని చంపును, ఎస్ డిస్కునకు వ్రాయును, యు డిస్కును వ్రాతకు మూయును, బి యంత్రమును మరల లేపును. తొందరపడి బి ఒక్కదానినే నొక్కువాడు దానికి ముందున్న అయిదింటిని పోగొట్టుకొనును.

ఇదంతయు పెద్ద యంత్రముల లోకము. 1981లో ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరు బల్లలమీదికి వచ్చినప్పుడు దీనిలో ఏదియు దానివెంట రాలేదు. డాస్‌లో ఒకసారి ఒక ప్రోగ్రామే నడచును. దానినుండి వెలికి వచ్చి, సి డ్రైవు గుర్తు తెరపై మరల కనబడగనే మీట నొక్కి ఆర్పుటయే పద్ధతి. ఆ గుర్తు కనబడుటయే పని ముగిసినదనుటకు నిదర్శనముగ లక్షలమంది నేర్చుకొనిరి. 1993లో వెలువడిన డాస్ 6తో పాటు వచ్చిన స్మార్ట్‌డ్రైవ్ అను ప్రోగ్రాము, యూనిక్సు వలెనే వ్రాతను మెమరీలో నిలువయుంచుట మొదలిడినప్పుడు ఆ విశ్వాసమునకు దెబ్బ తగిలెను: గుర్తు కనబడెను గాని వ్రాత ఇంకను డిస్కు చేరలేదు, అలవాటు చొప్పున మీట నొక్కినవాని ఫైలు చెడెను. అదే సంవత్సరమున వచ్చిన 6.2లో దీనిని దిద్దిరి. వ్రాత ముగియువరకు ఆ గుర్తును కనబరుపకుండునట్లు చేసిరి. జనుల అలవాటును తిట్టక యంత్రమునే ఆ అలవాటునకు లోబరచిన ఈ దిద్దుబాటు ప్రశంసనీయము.

మన తెలుగునాట డి.టి.పి. దుకాణములలో 1990 దశకమున పనిచేసినవారికి షట్‌డౌన్ కంటె కరెంటు కోతయే ఎక్కువ పరిచితము. శుభలేఖయో కరపత్రమో పేజ్‌మేకరులో అమర్చుచుండగ ఫ్యాను నిలిచి, యు.పి.యస్. కీచుమని కూయ నారంభించును. ఆ బ్యాటరీ నిలుచు కొద్ది నిమిషములే ఆపరేటరునకు దొరకిన గడువు. కంట్రోలు ఎస్ నొక్కుట, ప్రోగ్రామును మూయుట, విండోసును మూయుట, మీట నొక్కుట: ఈ వరుస చేతికి వచ్చినవానికే దుకాణములో పని నిలిచెడిది. ఇదే పనిని యంత్రమే జేయునట్లు యూనిక్సువారు ముందే యేర్పాటు చేసికొనిరి. కరెంటు పోయెనని తెలుపుటకు సిస్టము ఫైవ్ యూనిక్సులో పవర్ అను సిగ్నలు వేరుగ నుండెను. రెడ్‌హ్యాట్ లైనక్సులో యంత్రము మేల్కొనునపుడు చదువుకొను ఇనిట్‌ట్యాబ్ అను ఫైలులో రెండు వరుసలు ఎదురెదురుగ నుండెడివి: కరెంటు పోయినచో 2 నిమిషముల గడువుతో షట్‌డౌన్ మొదలిడుమని మొదటిది, ఆ లోపల కరెంటు వచ్చినచో షట్‌డౌన్‌ను రద్దుచేయుమని రెండవది. రద్దునకు గూడ చోటు వదలిన ఆ రెండు వరుసలను చదివినపుడు, వానిని వ్రాసినవారు కరెంటు పోవుటయు వచ్చుటయు నెరిగినవారని తెలియును.

విండోసు కథ వేరు, దీర్ఘము. పలు ప్రోగ్రాములు ఒకే తెరపై నుండు ఆ వ్యవస్థలో షట్‌డౌన్ కోరగనే ప్రతి ప్రోగ్రామునకును మొదట ఒక ప్రశ్న పోవును: సెషను ముగింపవచ్చునా? అన్నియు సరే యన్న పిమ్మట, ముగియుచున్నదను వార్త పోవును. ప్రశ్నకు ఒక్క ప్రోగ్రాము వలదన్నను షట్‌డౌన్ యావత్తు నిలిచిపోవును. సేవ్ చేయని పత్రముగల ప్రోగ్రాము తన యజమానిని అడిగి, అతడు క్యాన్సిల్ అన్నచో వలదని బదులిచ్చును. ఇది ధర్మమే. 1995లో విండోసు 95 ఈ సంభాషణ యంతయు ముగిసిన పిమ్మట నల్లని తెరపై నారింజవన్నె అక్షరములతో, ఇక కంప్యూటరును ఆర్పుట క్షేమకరమని చెప్పి ఊరకుండెడిది. మీట నొక్కు పని మనుష్యునిదే. ఆ సంవత్సరమే ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. నిర్మాణముతో కరెంటును సాఫ్ట్‌వేరే ఆపగల మార్గ మేర్పడి, కాలక్రమమున ఆ నారింజ అక్షరములు కనుమరుగైనవి. ఆ తెర తొలగుటతో పాటు, ఆర్పుటకు ముందు మనుష్యుడు కడపటిసారి చూచుకొను క్షణమొకటి తొలగిపోయెను.

వలదనక, సరే యనక, బిగిసిపోయి మౌనముగ నుండు ప్రోగ్రాము నేమి చేయవలెను? దీనికి విండోసు ఎన్.టి. వంశమువారు రిజిస్ట్రీలో, కంట్రోల్ ప్యానెల్ డెస్క్‌టాప్ అను శాఖక్రింద, కొన్ని విలువలుంచిరి. హంగ్‌యాప్ టైమౌట్ అనునది 5,000 మిల్లీసెకన్లు: అంతవరకు బదులీయని ప్రోగ్రాము బిగిసినదిగ లెక్క. వెయిట్ టు కిల్ యాప్ టైమౌట్ అనునది 20,000: మూయుమన్న పిదప ప్రోగ్రామునకిచ్చు గడువు. ఆటో ఎండ్ టాస్క్స్ అనునది సున్న: యజమానిని అడుగక చంపవలదని అర్థము. విండోసు ఎక్స్‌.పి. వాడినవారందరును ఆ చిన్న పెట్టెను చూచియుందురు. ప్రోగ్రాము పేరు పైన, నిండుచున్న పట్టీ నడుమ, వెంటనే ముగింపుమను బటను క్రింద. ఈ మూడు విలువలలోనే పైన చెప్పిన మూడు ప్రశ్నలకును సమాధానమిమిడియున్నది. అవి యజమాని చేతిలోనే యుండుట మంచిది. కాని జరిగినదేమి? కంప్యూటరును వేగముగ నార్పు ఉపాయమని చెప్పి, 20,000ను 1,000కో 2,000కో తగ్గించి, ఆటో ఎండ్ టాస్క్స్‌ను 1గ మార్చుకొనుమను సలహా ఊరూర వ్యాపించెను. నిదానమగు డిస్కుపై పెద్ద ఫైలును వ్రాయుచున్న ప్రోగ్రామునకు రెండు సెకన్లు ఏపాటి? రోజున కొకసారి పది సెకన్లు మిగులుటకై సంవత్సరమున కొకసారి ఒక దినపు శ్రమను పణమొడ్డుట నేనెన్నటికిని అంగీకరింపజాలను. గడువు తగ్గింపదలచినవాడు ముందుగ చేయవలసినది, ఆలస్యము చేయుచున్న ప్రోగ్రామేదో కనుగొనుట; సామాన్యముగ దోషి ఒక్కటే యుండును, దానిని దిద్దినచోనో తొలగించినచోనో మిగిలినవానికి శిక్ష యుండదు.

అయినను ఎదుటి పక్షమున న్యాయము లేకపోలేదు. ఎక్స్‌.పి. కాలము వరకు, కనబడని ప్రోగ్రాము ఒకటి ఏ కారణమును జెప్పక వలదన్నను షట్‌డౌన్ నిశ్శబ్దముగ రద్దగుచుండెను. ఆరునని నమ్మి ల్యాప్‌టాపును సంచిలో బెట్టుకొని పోయినవానికి, కొన్ని గంటల పిదప అది సంచిలో వేడెక్కి, బ్యాటరీ ఎండి కనబడును. 2007లో ప్రజల చేతికి వచ్చిన విస్టాలో దీనికి చికిత్స చేసిరి. తెరపై కిటికీ లేని ప్రోగ్రామునకు వలదను హక్కు తీసివేసిరి. హక్కుగలది అడ్డగింపదలచినచో తన కారణమును మాటలలో వ్రాసి యుంచవలెను. 256 అక్షరములకు మించరాదు. అడ్డుగనున్న ప్రోగ్రాముల పేర్లను, వాని కారణములను తెరనిండ జూపి, బలవంతముగ నార్పుటయా, రద్దుచేయుటయా అను నిర్ణయమును యజమానికి వదలిరి. సి.డి. వ్రాయుచున్న ప్రోగ్రాము తన పని నడుమ నున్నదని చెప్పగలదు; ఊరక మొరాయించు ప్రోగ్రాము ఏమియు జెప్పలేక బయటపడును. కారణము జెప్పినవారికే అడ్డగించు అధికారమన్న ఈ సూత్రము నాకు మిక్కిలి న్యాయముగ గనబడును. విస్టాను పలువురు నిందించిరి గాని ఈ ఒక్క విషయమున దానికి తగిన గౌరవము దక్కలేదు. తెరవెనుక నడచు సర్వీసులకు మాత్రము గడువు క్రమముగ క్షీణించెను: ఎక్స్‌.పి.లో 20,000 మిల్లీసెకన్లుండినది విండోసు 10 నాటికి 5,000కు దిగెను.

మెకింటాష్ వంశము అడుగుటలో మొదటినుండియు మృదువైనది. 1991లో వెలువడిన సిస్టము 7లో ప్రతి ప్రోగ్రామును తప్పక వినవలసిన నాలుగు ఆపిల్ ఈవెంట్లను నిర్ణయించిరి. వానిలో నాలుగవది నిష్క్రమింపుమనునది. షట్‌డౌన్ వేళ ఫైండరు అను ప్రోగ్రాము దానిని ఒక్కొక్క ప్రోగ్రామునకు పంపును. ఎక్కడనైన మనుష్యుడు క్యాన్సిల్ అన్నచో అంతటితో నిలుచును. యూనిక్సు తెరలకై 1994లో ఎక్స్ విండో వ్యవస్థవారు రచించిన సెషను నియమావళి ఇంకొక మెట్టు పైకెక్కెను: ముందు నిన్ను నీవు భద్రపరచుకొమ్మని ప్రోగ్రాములన్నిటికిని చెప్పి, యజమానితో మాటాడదలచినవానిని ఒకటి తరువాత నొకటిగ మాత్రమే మాటాడనిచ్చి, అన్నియు ముగిసిన తరువాతనే మరణాజ్ఞ నిచ్చును. ప్రశ్నల పెట్టెలు ఒకదానిపై నొకటి పడి మనుష్యుని గాబరా పెట్టకుండుటకై చేసిన ఆ ఏర్పాటు, వ్రాతలో నెంత సొగసో ఆచరణలో నంతగ వ్యాపింపకపోవుట విచారకరము.

2009 నాటి స్నో లెపర్డ్‌లో ఆపిల్ వారు దారి మార్చిరి. సేవ్ చేయవలసినదేమియు లేదని తానుగ ముందే ప్రకటించుకొన్న ప్రోగ్రామును షట్‌డౌన్ వేళ అడుగనక్కరలేదు. 9వ సిగ్నలుతో తక్షణము ముగింపవచ్చును. ఏడవ ఎడిషనువారు వెనుకకు నెట్టిన కిల్ ఇట్లు, ప్రోగ్రాము సమ్మతితోనే, మరల ముందుకు వచ్చెను. 2011 నాటి లయన్ ఇంకను ముందుకు బోయెను. పత్రములు తమంత తామే సేవ్ అగును, మరల యంత్రమును వెలిగించినపుడు పాత కిటికీలు తెరచుకొనును, కావున అడుగుటయే వలదనెను. కాని అడుగక సేవ్ చేయుటలో వేరొక హాని యున్నది. ఒక పాత పత్రమును తెరచి, పరీక్షార్థము నాలుగు వాక్యములు కొట్టివేసి, ఈ మార్పులు నాకు వలదులెమ్మని మూయువాడు, ఆ మార్పులు అసలు పత్రముపైననే పడియుండుట చూచి నిశ్చేష్టుడగును. వెనుకటి రూపములను గూడ యంత్రము దాచియుంచునన్నది నిజమే. అయినను తన పత్రము తన అనుమతి లేక మారెనన్న బాధ దానితో దీరదు. మరుసటి యేటనే, 2012లో, మౌంటెన్ లయన్‌లో, పత్రమును మూయునపుడు మార్పులను ఉంచవలెనా యని అడుగు సెట్టింగు నొకదానిని చేర్చిరి. తీసివేసిన సేవ్ యాజ్ అను ఆజ్ఞను గూడ ఆప్షన్ కీ మాటున తిరిగి తెచ్చిరి. అడుగుట కేవలము మెమరీని కాపాడుటకే కాదు, రచనపై రచయితకున్న అధికారమును అంగీకరించుటయు నగునని ఈ ఉపసంహారము వలన నాకు స్పష్టమైనది.

చేతిఫోనులలో ఈ ప్రసంగమే లేదు. ఆండ్రాయిడ్‌లో మెమరీ చాలనపుడు వెనుకనున్న ప్రోగ్రామును వ్యవస్థ ఏ క్షణముననైన తుదముట్టించును. కనుక కంటి ముందునుండి తొలగునప్పుడే తన స్థితిని భద్రపరచుకొనుట ప్రోగ్రాము విధి. బల్లమీది కంప్యూటరులో గూడ షట్‌డౌన్ అర్థము పలుచబడినది. 2012 నాటి విండోసు 8 నుండి, వేగముగ మేల్కొనుటకై, షట్‌డౌన్ నొక్కినపుడు మన ప్రోగ్రాములు మాత్రము మూయబడి, వ్యవస్థ గర్భము డిస్కుపై నిద్రించును. సంపూర్ణముగ క్రొత్తగ మొదలుకావలెనన్నచో రీస్టార్టే చేయవలెను. దీనినెరుగని వారు, ఆర్పి వెలిగించినను దోషము పోలేదని వాపోవుట నేటికిని వినవచ్చును.

సర్వర్ల లోకమున గడువు చర్చ 2010లో లెనార్ట్ పొయెట్టరింగ్, కే సీవర్స్ మొదలిడిన సిస్టమ్‌డీతో మరల తీవ్రమైనది. నేడు లైనక్సు పంపిణీలలో పెక్కింటిని మేల్కొలుపునదియు పరుండబెట్టునదియు నదియే. దాని సహజ గడువు 90 సెకన్లు. ఏదైన సర్వీసు ఆగకున్నచో తెరపై దాని పేరు, గడచిన కాలము, ఒక్కొక్క సెకనుగ పెరుగుచు కనబడును. ల్యాప్‌టాపు ముందు నిలుచున్నవానికి ఆ నిమిషమున్నర యుగమువలె దోచును, తగ్గింపుమను మొర వినబడును. ఒకే సంఖ్య అందరికిని సరిపడదన్నదే ఇక్కడి చిక్కు. సిస్టమ్‌డీలోని మేలైన గుణము, ఒక్కొక్క సర్వీసు పత్రములో దాని గడువును, దానికి ముందుగ పంపవలసిన సిగ్నలును వేర్వేరుగ వ్రాసికొననిచ్చుట. బర్కిలీలో పుట్టిన పోస్ట్‌గ్రెస్ డేటాబేసును చూడుడు. దానికి ఆగుటలో మూడు రీతులున్నవి: టర్మ్ పంపినచో క్రొత్తవారిని రానీయక, ఉన్నవారందరు తమంత తాము వెడలువరకు వేచియుండును, ఇంటరప్ట్ పంపినచో నడుమనున్న లావాదేవీలను రద్దుచేసి, అందరిని పంపివేసి, శుభ్రముగ మూసికొనును, క్విట్ పంపినచో ఉన్నదున్నట్లుగ వదలి, మరల లేచినపుడు మార్పుల చిట్టాయగు తన లాగును చదువుకొని కోలుకొనును. చిరకాలము చేతి ఆజ్ఞకు మొదటిదే సహజరీతి. 2016 ఆరంభమున వెలువడిన 9.5 నుండి రెండవదానిని సహజరీతిగ మార్చిరి, ఏలయన ఒక్కడు లైను తెరచి మరచిపోయినను మొదటి రీతిలో నిరీక్షణకు అంతము లేదు. సిస్టమ్‌డీకై ఆ డేటాబేసు రచయితలు తమ గ్రంథమున నిచ్చిన మాదిరి పత్రములో, ముందుగ పంపవలసినది ఇంటరప్ట్ అని వ్రాసి, గడువు స్థానమున సంఖ్య నొకదానిని వేయక అనంతమని వ్రాసిరి. కూలిన పిదప లాగును చదువుకొని మేల్కొనుటకు తమ ప్రోగ్రామునకు 90 సెకన్లు చాలకపోవచ్చునని, ఆ నడుమ దానిని చంపరాదని వారు అచ్చట కారణము గూడ తెలిపిరి.